తొలకరికి ముందే చెరువు కట్ట చూసుకోండి

మట్టి కట్ట మీద నుంచి నీళ్లు పొర్లడం మొదలైతే దాన్ని ఆపడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట అలాగే కొట్టుకుపోయింది. ఎగువన పింఛా కట్ట తెగి, ఆ నీళ్లు కూడా దాని మీదే వచ్చి పడ్డాయి. అది ప్రాజెక్టు. మన ఊరి చెరువులు చాలావరకు 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం లెక్కలోకే రావు. 15 మీటర్లు దాటిన కట్టలు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల కట్టలు మాత్రమే అందులో ఉన్నాయి. అందుకే మే నెలలో, చెరువు అడుగంటి ఉన్నప్పుడే, ఊరివాళ్లు లష్కరునో (తూము నీళ్లు వదిలే మనిషి), ఏఈనో (నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు) వెంటబెట్టుకుని కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి.

ముందుగా మత్తడి చూడండి. అలుగు అన్నా, మరవ అన్నా అదే. వరదకు అదొక్కటే దారి. చెరువులో ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని మత్తడి మీద ఇసుక బస్తాలు, చెక్కలు పెడతారు. ఆ అడుగు కట్టకున్న భద్రతలోంచి తీసుకున్నదే. చేపలు పోకుండా అడ్డం కట్టే ఇనుప జాలీ ఇంకా ప్రమాదం: వరదలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, కంప దానికి చుట్టుకుని గంటలో గోడలా మారుతుంది. చేపల సొసైటీ వాళ్లతో వానలకు ముందే మాట్లాడి తీయించండి. మత్తడి దిగువ కాలువను కూడా చివరిదాకా చూడండి. పొలం గట్టు జరిగి కాలువ సగమైతే నీళ్లు వెనక్కి తన్ని కట్ట పాదాన్ని కోస్తాయి.

తర్వాత కట్ట తల. బండ్లు, ట్రాక్టర్లు దాటే చోట, పశువులు దిగే చోట కట్ట కుంగి ఉంటుంది. కంటికి కనపడదు. మేస్త్రీల దగ్గరుండే నీళ్ల గొట్టంతో 20 మీటర్లకొకసారి మట్టం చూసి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట గూటం పాతండి. వరద ముందు అక్కడే పొర్లుతుంది. ఆ పల్లాన్ని ఎండాకాలంలోనే పూడ్చాలి: పాత మట్టిని గీకి గరుకు చేసి, తడి చల్లి, 15 సెంటీమీటర్ల పొరలుగా మట్టి వేసి దిమ్మిసతో కొట్టాలి. పిడికిట పడితే ముద్దకట్టాలి, చేతికి అంటకూడదు. మట్టికి ఆ తడి చాలు. ఒకేసారి ట్రాలీ మట్టి గుమ్మరించి పైపైన చదును చేస్తే మొదటి వానకే జారుతుంది.

ఎలుకల బొక్కలు, పీతల బొక్కలు, పుట్టలు పైన పూడిస్తే చాలదు. బొక్క ముగిసేదాకా తవ్వి ఇదే పద్ధతిలో నింపాలి. ఇసుకతో ఎన్నడూ నింపొద్దు, అది నీళ్లకు దారి ఇస్తుంది. సర్కారు తుమ్మ పొదలను నేలమట్టానికి నరకండి. పెద్ద చెట్టును మాత్రం వానల ముందు హడావుడిగా కొట్టొద్దు. మొద్దు మిగిలితే వేర్లు కుళ్లి, కట్ట లోపల గొట్టాలు పడ్డట్టవుతుంది. వేళ్లతో సహా తీసి గుంట గట్టిగా పూడ్చడానికి నెల వ్యవధి కావాలి. పగుళ్లలో, కట్ట పొడవునా సాగే దానికన్నా అడ్డంగా ఈ వాలు నుంచి ఆ వాలుకు పోయేది భయంకరం. ఏఈకి అదే రోజు చెప్పండి.

తూము షట్టరును చెరువు ఖాళీగా ఉండగానే పైకీ కిందికీ తిప్పి, గ్రీజు పెట్టి చూడండి.

ఇక ఊట. తూము గొట్టం పక్కనా, కట్ట వెనక పాదం దగ్గరా తడి కనిపించగానే బెంబేలెత్తక్కర్లేదు. ఏటా అక్కడే అంతే వచ్చే తేట నీరు చాలా కట్టలకు మామూలే. నీళ్లతో పాటు మట్టి వస్తోందా అన్నదే అసలు సంగతి. గాజు గ్లాసులో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున సన్నని రేణువులు పేరుకుంటే కట్ట లోపల నుంచి తరుగుతున్నట్టే. పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో తేదీతో, చెరువు మట్టంతో రాసుకోండి. మట్టం పెరగకుండానే ఊట పెరిగితే ఊరుకోకూడదు. 2019 జులై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే డ్యామ్ తెగింది. అది కారుతోందని ఊరివాళ్లు అంతకుముందే చెప్పారు.

మురికి ఊట కనిపిస్తే అందరికీ తోచేది బంకమట్టితో మూసేయడం. అది చేయొద్దు. లోపలి ఒత్తిడి తగ్గదు. పక్కన ఇంకోచోట చీల్చుకుని వస్తుంది. నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపాలి: ఊట మీద ముందు 15 సెంటీమీటర్లు ముతక ఇసుక, దానిపై అంతే మందం కంకర, ఆపైన రాళ్లు. చుట్టూ బస్తాలతో గుండ్రంగా ఒడ్డు కట్టి, ఒక పక్క నీళ్లు జారేలా వదలాలి. చెరువు లోపల సుడి తిరుగుతుంటే నీళ్లు కట్టలోకి దూరే బుంగ నోరు అక్కడే. మనిషి దిగకూడదు. ఒడ్డు నుంచే గడ్డి కలిపిన మట్టి బస్తాలు, టార్పాలిన్ వదలాలి. ఊట ధార లావై రంగు ముదురుతుంటే బస్తాలు వదిలేసి దిగువ ఇళ్లు ఖాళీ చేయించండి. ఆపైన గంటలు కాదు, నిమిషాలే ఉండవచ్చు.

బస్తాల లెక్క: కట్ట మీద 10 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు పేర్చడానికి సుమారు 120 కావాలి, దాదాపు ఒక ట్రాలీ మట్టి. సగానికి కాస్త పైదాకా నింపితే చాలు, నిండా కుక్కితే సందులు పడతాయి. ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా పరచాలి. జూన్ మొదటి వారానికే మట్టి, ఖాళీ బస్తాలు, టార్చ్‌లైట్లు కట్టకు దగ్గరలో మెరక మీద ఉండాలి. గొలుసుకట్టు చెరువైతే ఎగువ ఊరి సర్పంచ్, లష్కరు నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించండి. పై చెరువు తెగితే కబురు మనకు నీళ్లకన్నా ముందు రావాలి.

పొలాలు మునుగుతున్నాయని రాత్రిపూట కట్టకు చిన్న గండి కొట్టడం కొన్నిచోట్ల జరుగుతుంది. మట్టి కట్టలో చిన్న గండి అంటూ ఉండదు. అరగంటలో అది కట్టనే మింగుతుంది.

వాన వెలిశాక, కట్ట నిలబడితే, చెరువును ఒక్కసారిగా ఖాళీ చేయకండి. నానిన లోపలి వాలుకు ఎదురుగా నీటి ఆసరా పోతే ముద్దలుగా జారుతుంది. అత్యవసరమైతే తప్ప రోజుకు అడుగుకు మించి దించొద్దు. దించినన్నాళ్లూ ఉదయం, సాయంత్రం లోపలి వాలుకు పరిచిన రివిట్‌మెంట్ రాళ్లు కదిలాయేమో చూస్తూ ఉండండి.