గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఆటలు – 3వ పాఠం: ఒక ర్యామ్ స్టిక్కా, రెండా?

గత పాఠంలో మీ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ పేరు కనుక్కొని రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ రోజు దాని కింద మూడు అంకెలు చేరతాయి.

ముందు ఒక ప్రశ్న. ఒక కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి ఉంది. ఇంకోదానిలో 8 జీబీ స్టిక్కులు రెండున్నాయి. మిగతాదంతా ఒకటే. ఆటలు దేనిలో బాగా నడుస్తాయి? అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలను చాలామందిని ఇదే అడిగాను. "రెండూ 16 జీబీయే కదా సార్, తేడా ఏముంటుంది?" అన్నవారే ఎక్కువ. తేడా పెద్దదే. అది తెలియక, మంచి ప్రాసెసర్ కొనుక్కొని కూడా దాని సత్తా చూడకుండానే కార్డు కోసం డబ్బు కూడబెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

హైదరాబాద్‌లో సంపు ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మంజీరా నీళ్లు వచ్చేది కొద్దిసేపే. సంపు పదివేల లీటర్లదైనా, పైపు అర అంగుళానిదైతే ఆ కాస్త సమయంలో అడుగు తడుస్తుంది, అంతే. జీబీల లెక్క సంపు పరిమాణం చెబుతుంది. పైపు ఎంత లావుదో చెప్పదు. ఇక్కడ పైపు అంటే ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారి. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, అదీ ఈ ర్యామ్‌నే వాడుకోవాలి.

ఆటలో నీళ్లు వచ్చే ఆ సమయం ఎంత? సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఇప్పుడు పైపు కొలుద్దాం. ఒక డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం) స్టిక్ ఒక విడతకు 64 బిట్లు, అంటే 8 బైట్లు పంపుతుంది. 3200 రకమైతే సెకనుకు 320 కోట్ల విడతలు. ఎనిమిదితో గుణిస్తే 2,560 కోట్ల బైట్లు, అంటే 25.6 జీబీ. దాన్ని 60తో భాగిస్తే ఒక్క ఫ్రేముకు దక్కేది సుమారు 427 ఎంబీ. రెండో చానల్‌లో, అంటే పక్కనే ఉండే రెండో పైపులో, అలాంటిదే మరో స్టిక్ పెడితే 853 ఎంబీ. ఇవి కాగితం మీది గరిష్ఠాలు, నిజంగా అందేది ఇంకా తక్కువ.

427 ఎంబీ తక్కువేమీ కాదనిపిస్తుంది. కానీ ఒక్క ఫ్రేము గీయడానికి గోడల, నేల, మనుషుల టెక్స్చర్లు, అంటే వాటి పైన అతికించే బొమ్మలు, చదవాలి. ఏ వస్తువు ముందుందో ఏది వెనకుందో లెక్క రాసుకోవాలి. నీడలు వేరుగా గీసి మళ్లీ చదువుకోవాలి. ఇదంతా జరుగుతుండగానే ప్రాసెసర్ తన పనికి అదే పైపులోంచి తోడుకుంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డుకు ఈ బాధ లేదు. 2016లో వచ్చిన చిన్న కార్డు జీటీఎక్స్ 1050కి కూడా సెకనుకు 112 జీబీ సొంత పైపు ఉంది, అందులో వాటాదారులు లేరు. అందుకే ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం చాలాసార్లు పని రాక కాదు, సరుకు అందక ఖాళీగా కూర్చుంటుంది. డీడీఆర్5-5600 స్టిక్కులు రెండు పెడితే సెకనుకు 89.6 జీబీ అవుతుంది. కొత్త ప్రాసెసర్ల సొంత గ్రాఫిక్స్ అంతగా మెరుగుపడటానికి ఇదీ ఒక కారణం.

పైపు రెట్టింపైతే ఫ్రేములు రెట్టింపు కావు. ఆటను బట్టి మూడో వంతు, కొన్నిటిలో సగం దాకా పెరగడం మామూలు. ప్రాసెసర్ మీదే భారం పడే ఆటల్లో తేడా తక్కువ.

ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌లలో ఈ విషయం పేరులోనే బయటపడుతుంది. రెండు చానళ్లూ నిండితే 'ఐరిస్ ఎక్స్ఈ' అని చూపించే అదే చిప్, ఒక్క చానలే ఉంటే 'యూహెచ్‌డీ' అని చూపిస్తుంది. మీ కాగితం మీద యూహెచ్‌డీ అని ఉండి, కొన్నప్పుడు పెట్టె మీద ఐరిస్ అని ఉంటే, కారణం ఇదే కావచ్చు.

ఇక చేతిపని. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ. వాడిన స్లాట్లు ఎన్ని, వేగం ఎంత: రెండూ రాసుకోండి. స్లాట్లు రెండు నిండినా డెస్క్‌టాప్‌లో సరైన స్లాట్లేనా అన్నది చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండిట్లో పెడితే రెండూ ఒకే చానల్‌లో పడి లాభం పోతుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత సాధనంలో మెమరీ పేజీ తెరిస్తే చానళ్ల సంగతి తేలుతుంది. అక్కడ వేగం సగమే కనిపిస్తుంది, 3200కి 1600 అని. కంగారు పడకండి, డీడీఆర్‌ను అలాగే లెక్కిస్తారు.

డెస్క్‌టాప్‌లో స్టిక్ మీద 3200 అని ఉండి, టాస్క్ మేనేజర్‌లో 2400 లేదా 2666 కనిపిస్తే, బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగానే తెరిచే సెట్టింగుల పేజీ) వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. స్టిక్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్ అది. పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్‌లలో ఈ వీలు చాలావరకు ఉండదు.

గ్రాఫిక్స్‌కు కేటాయించే మెమరీని బయోస్‌లో 512 ఎంబీ నుంచి 2 జీబీకి పెంచితే ఆట వేగం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. సంపులో గోడ కట్టినంత మాత్రాన పైపు లావెక్కదు. వీడియో మెమరీ చాలదని మొరాయించే ఆట ఉంటే తప్ప దాన్ని ఆటోలోనే వదిలేయండి. మొత్తం 8 జీబీయే ఉన్నవారు మరీ జాగ్రత్త, విండోస్‌కు మిగిలేది ఆరే.

రెండో స్టిక్ కొనాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి. పాత స్టిక్ వెంట తీసుకెళ్లండి, లేదా లేబుల్ ఫొటో తీసుకోండి. అదే తరం, అదే వేగం, అదే పరిమాణం అడగండి. డీడీఆర్4, డీడీఆర్5 గాట్లు వేరు, ఒకదాని చోట మరొకటి పట్టదు. 8 పక్కన 4 పెడితే చాలా యంత్రాల్లో 4+4 వరకే రెండు చానళ్లలో నడిచి, మిగతా 4 ఒంటరిగా మిగులుతుంది. ల్యాప్‌టాప్ అయితే రెండో స్లాట్ ఉందో లేదో టాస్క్ మేనేజర్‌లో చూశాకే బయలుదేరండి. ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చే మోడళ్లు ఉన్నాయి.

మూడో అంకె కోసం వచ్చే పాఠంలోగా ఈ పని చేయండి. ఒకే ఆట, 1080పీ, ఒకే సెట్టింగులు, ఒకే దారిలో ఐదు నిమిషాలు. చార్జర్ తగిలించి, మూడు సార్లు. సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో, రాయండి. మార్పు చేశాక అదే మళ్లీ. మేలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏసీ గదిలో ఒకసారి కొలిస్తే లెక్క చెడుతుంది, ఎండ వేడికి ప్రాసెసరే నెమ్మదిస్తుంది. కాబట్టి రెండు విడతలూ ఒకే వేళలో, ఒకే గదిలో చేయండి.

స్టిక్ ఇంకా కొనలేనివారు కూడా ఈ అంకె రాసుకొని రండి. నాలుగో పాఠంలో ఆ ఉన్న పైపు మీదే భారం తగ్గించే సెట్టింగులు చూద్దాం: ముందుగా రిజల్యూషన్, తర్వాత నీడలు.