డిస్కస్ పెంపకం, 5వ పాఠం: కలిసి వచ్చిన పిల్లలు కలిసి ఎదగనప్పుడు

డిస్కస్ అంటే గుండ్రని ఒళ్లున్న అక్వేరియం చేప. గత పాఠంలో దాని తొట్టిలో రోజూ సగం నీళ్లు మార్చడం అలవాటు చేసుకున్నాం. ఆ పని ఆరు వారాలు మానకుండా చేసిన వారికి ఇప్పుడు తొట్టిలో ఒక తేడా కనిపిస్తూ ఉంటుంది. నా దగ్గరా అలాగే జరిగింది. తెచ్చిన రోజు ఎనిమిది పిల్లలూ అచ్చు గుద్దినట్టు రెండేసి అంగుళాలు ఉన్నాయి. ఆరు వారాలకు రెండు మూడున్నర అంగుళాలు దాటాయి, నాలుగు మూడు దగ్గర నిలిచాయి, మిగిలిన రెండు తెచ్చిన నాటి కంటే పెద్దగా మారలేదు. డిస్కస్ పెద్దదైతే ఆరంగుళాల వరకూ పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే పెరగాలి. ఆ నెలల్లో పోగొట్టుకున్న ఎదుగుదల తర్వాత పూర్తిగా తిరిగి రాదు. అందుకే ఈ పాఠాన్ని వాయిదా వేయకండి.

ముందుగా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎదుగుదల అన్నిటిలోనూ మందగించిందా, ఒకటి రెండింటిలోనేనా? అన్నీ మందగిస్తే నీళ్లను, మేతను అనుమానించాలి. కొన్ని బాగా పెరుగుతూ ఒకటి రెండే ఆగిపోతే, అదే నీళ్లలో ఉన్న మిగతావి ఎదుగుతున్నాయి కాబట్టి తప్పు నీళ్లలో ఉండే అవకాశం తక్కువ. ఈ తేడా చూసుకోకుండా చాలామంది నేరుగా లవణాలు వడకట్టిన ఆర్.ఓ. నీళ్ల క్యాన్ల కోసం పరుగెత్తుతారు. గుడ్లు పెట్టించాలంటే లవణాలు తక్కువున్న మెత్తని నీళ్లు కావాలి గానీ, పిల్లల్ని పెంచడానికి కొంత కఠినమైన బోరు నీళ్లైనా సరిపోతాయి. ఒక రోజు ఆర్.ఓ., ఒక రోజు బోరు అంటూ మార్చడమే చేపను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బోరు నీళ్లైనా, కుళాయి నీళ్లైనా రాత్రి డ్రమ్ములో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టండి. కుళాయి నీళ్లైతే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. ఉదయానికి వేడి 29 డిగ్రీల దగ్గరకు తెచ్చి పోయండి.

ఇక కొలత. చేపను వలతో పట్టి స్కేలు పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు, డిస్కస్ ఆ భయం నుంచి తేరుకోవడానికి ఒక పూట పడుతుంది. వారానికోసారి అద్దానికి పక్కవాటుగా నిలిచినప్పుడు ఫోను అడ్డంగా పట్టుకుని ఫోటో తీయండి. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవును కంటి వెడల్పుతో భాగించండి. స్కేలు అక్కర్లేదు, ఎంత దూరం నుంచి తీశారన్నదీ పట్టించుకోనక్కర్లేదు. ఎదిగే చేపలో శరీరం కంటే కన్ను నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి ఆ అంకె వారం వారం పెరగాలి. అంకె కదలకపోయినా, తగ్గినా ఆ చేప ఆగిపోయిందని అర్థం. పెద్ద కళ్లతో, గుండ్రంగా ఉండాల్సిన ఒళ్లు కోలగా సాగిన డిస్కస్‌ను చూసినప్పుడు మనకు కలిగే జాలి వెనక ఉన్న లెక్క ఇదే. ప్రతి చేపకూ మొహం మీది చారల్ని బట్టి ఒక గుర్తు పెట్టుకుని, నోటు పుస్తకంలో ఒక్కో పేజీ కేటాయించండి.

కొలిచాక చూడాల్సింది మేత వేళ. ఇక్కడ తొందరపడకండి, పది నిమిషాలు కుర్చీ వేసుకుని కూర్చోండి. నా తొట్టిలో నేను చూసింది చెబుతాను. మేత పడగానే పెద్దది మధ్యలోకి వచ్చి నిలుస్తుంది. అది ఎవరినీ కరవదు, ఒళ్లు కాస్త పక్కకు తిప్పుతుంది, అంతే. చిన్నది స్పాంజ్ ఫిల్టర్ వెనక్కి జారుకుంటుంది, దాని రంగు నల్లబడుతుంది. అందరూ తిని కదిలాక అడుగున మిగిలిన ఒక పలుకును నోట్లోకి తీసుకుని, ఉమ్మి, మళ్లీ తీసుకుంటుంది. రోజుకు ఐదుసార్లు ఇదే జరిగితే, ఆరు వారాల్లో అది ఎన్ని ముద్దలు పోగొట్టుకుందో ఆలోచించండి. తిన్నది పెద్దదవుతుంది, పెద్దదైనది ఇంకా తింటుంది. మొదట్లో గింజంత ఉన్న తేడా ఇలాగే పెరుగుతుంది.

ఈ స్థితిలో మీరు చేయగలిగింది ఉంది. ఒకే చోట కాకుండా తొట్టి రెండు చివర్లా మేత వేయండి: పెద్దవి ఒక చివర మూగగానే రెండో చివర, ఫిల్టర్ పక్కన వేయండి. రోజుకు కొద్ది కొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. పావుగంటకు మిగిలింది సైఫన్‌తో, అంటే నీళ్లు లాగే గొట్టంతో, తీసేయండి, లేకపోతే కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఈ వేడిలో, పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్లలో అమ్మోనియా మరింత విషం.

రెండు వారాల్లో అంకె కదలకపోతే సైజును బట్టి వేరు చేయాలి. మన ఆక్వా రైతులు దీన్నే గ్రేడింగ్ అంటారు. అయితే ఒక తప్పు దాదాపు అందరం చేస్తాం: చిన్నదాన్ని ఒక్కదాన్నే వేరే తొట్టిలో వేస్తాం. డిస్కస్ గుంపులో బతికే చేప. ఒంటరిగా ఉంటే మూలకు చేరి మేత మానేస్తుంది. ఎనిమిది ఉంటే చిన్నవి నాలుగు, పెద్దవి నాలుగు చొప్పున విడదీయండి. రెండో తొట్టి లేకపోతే తూట్లున్న ప్లాస్టిక్ పలకను అడ్డుగా పెట్టండి. విడదీసిన నాలుగింటిలోనూ ఒకటి పెత్తనానికి వస్తుంది. దాన్నీ కనిపెట్టి చూడండి.

కొన్నిటికి మేత దొరికినా ఒళ్లు పట్టదు. తెల్లని దారంలా రెట్ట వేస్తున్నా, కళ్ల పైన నుదురు లోపలికి పోయినా, ఒకవైపు మొప్ప మూసి ఒకవైపుతోనే ఊపిరి తీస్తున్నా లోపలో, మొప్పల్లోనో పరాన్నజీవులున్నాయని అనుమానించాలి. అటువంటిదాన్ని గుంపులోకి తిరిగి పంపకండి, దాని వల, సైఫన్ కూడా వేరుగా ఉంచండి. దాని సంగతి వచ్చే పాఠంలో.

మరొకటి. మనం ఒకే వయసువి అనుకున్న పిల్లలు నిజంగా ఒకే ఈడువి కాకపోవచ్చు. అమ్మే చోట రెండు మూడు ఈతల్ని, అంటే వేర్వేరు సార్లు పొదిగిన పిల్లల గుంపుల్ని, ఒకే తొట్టిలో కలుపుతుంటారు. పెద్ద ఈతలో వెనకబడ్డది, చిన్న ఈతలో ముందున్నది ఒకే రెండంగుళాలుగా కనిపిస్తాయి. మొదటిది ఇక పెద్దగా పెరగదు, రెండోది గబగబా పెరుగుతుంది. ఈసారి కొనేటప్పుడు ఎప్పుడు పొదిగినవో అడగండి, కళ్లు చూడండి.

ఈ వారం మీ పని: ప్రతి చేపకూ ఒక ఫోటో, ఒక అంకె. ఏవైనా మూడు మేత వేళల్లో ఎవరు ముందు తిన్నారు, ఎవరు దాక్కున్నారు, ఎక్కడ దాక్కున్నారు అన్నది రాసుకోండి. వచ్చే వారం ఆ పుస్తకం పక్కన పెట్టుకుని 6వ పాఠం మొదలుపెడదాం.