సముద్రపు గాలికి శృతి తప్పిన వాద్యం: సమస్యలు, పరిష్కారాలు

విశాఖలో కొత్తగా మృదంగమో తబలానో కొన్నవాళ్లు మొదటి వర్షాకాలంలోనే కంగారుపడతారు. షాపువాడు మోసం చేశాడని కొందరు, పిల్లాడికి ఇంకా చెయ్యి తిరగలేదని కొందరు అనుకుంటారు. చాలాసార్లు రెండూ కారణం కాదు. ఈ ఊళ్లో చర్మవాద్యాలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం గాలి వల్ల వచ్చేవే. అందుకే శృతి చేసే రాయి చేతిలోకి తీసుకునే ముందు, వాద్యం ఎక్కడ పెట్టారో, రాత్రంతా ఎలాంటి గాలిలో ఉందో చూడమంటాను. తొందరపడి వేసిన దెబ్బలకు మంచి మూతలు, అంటే తోలు బిగించిన ముఖాలు, చిరిగిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నిన్న శృతిలో ఉంది, ఇవాళ దిగిపోయింది

మూత మీది తోలు తేమను పీల్చుకుంటే కాస్త సాగుతుంది. బిగువు తగ్గి శృతి దిగుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో కిటికీ తీసి పడుకుంటే ఒక్క రాత్రి చాలు. జూన్‌లో వానలు మొదలైన దగ్గర్నుంచి నవంబరులో తుపాన్ల భయం తీరేదాకా ఇదే గొడవ. ఎండాకాలంలో కూడా ఇక్కడి గాలి పొడిగా ఉండదు.

ముందు పొడి నూలుగుడ్డతో రెండు మూతలూ తుడవండి. కిటికీలు మూసిన గదిలో ఫ్యాను వేసి అరగంట ఉంచండి. కొంత శృతి తనంతట తానే తిరిగి వస్తుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు. తోలు త్వరగా ఆరుతుంది కానీ పనస కర్ర బీటలిస్తుంది, కుడి మూత మీది నల్ల పూత పగుళ్లు తీస్తుంది. హెయిర్ డ్రయ్యరూ అంతే.

అప్పటికీ తక్కువగా ఉంటేనే రాయి, కర్రముక్క తీయండి. మృదంగం మూత చుట్టూ వార్లు దూరే కన్నాలు 16 ఉంటాయి. ఒక్కో కన్నం దగ్గరా వేలితో మీటి వినండి, ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. అంచు అల్లిక మీద పైనుంచి కిందికి కొడితే శృతి పెరుగుతుంది, కిందినుంచి పైకి కొడితే తగ్గుతుంది. ఒకచోట తట్టాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నచోట తట్టండి. ఒకే పక్క కొడుతూ పోతే మూత వంకరగా బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఎంత సవరించినా మాట వినదు. తబలాకైతే పెద్ద తేడాను వార్ల కింద ఉన్న 8 కొయ్యముక్కలతోనూ, చిన్న తేడాను అంచు మీదా సరిచేసుకోవాలి.

ఇంత చేసినా రెండు మూడు రోజులకే మళ్లీ దిగిపోతోందంటే వార్లు సాగిపోయాయన్న మాట. అది ఇంట్లో అయ్యే పని కాదు. మొత్తం విప్పి లాగి కట్టించాల్సిందే.

హాల్లో కచేరీ మధ్యలో శృతి ఎక్కిపోతోంది

దీనికి కారణం ఏసీ. బయటి తేమలో శృతి చేసుకున్న తోలు, పొడి గాలి తగిలేసరికి బిగుసుకుంటుంది. పాడేవాళ్ల వెనక తంబూరా ఒక శృతిలో, మృదంగం ఇంకో శృతిలో ఉంటాయి. కనీసం ముప్పావుగంట ముందే వాద్యాన్ని వేదిక మీదికి చేర్చి, సంచీ విప్పి పెట్టండి. చివరి శృతి అక్కడే చూసుకోండి. పాటకూ పాటకూ మధ్య ఒకసారి వినండి. ఆ కాస్త ఆలస్యానికి శ్రోతలు ఏమీ అనుకోరు.

కుడివైపు గరగరలాడుతోంది

మృదంగం కుడి మూతకు కొంచెం జీర కావాలనే పెడతారు. తోలు పొరల మధ్య సన్నటి పుల్లలు దోపుతారు, అందుకే ఆ నాదానికి అంత మెరుపు. ఒక్కచోటే గరగరమంటే పుల్ల జరిగినట్టు. గుండుసూది మొనతో మెల్లగా లోపలికి నెట్టండి.

మూత అంతా గరగరమంటూ, శృతి కూడా నిలవకపోతే నల్ల పూతను చూడండి. అన్నం ముద్ద, ఇనుప ధాతువున్న నల్లరాతి పొడి కలిపి, పొర మీద పొర వేసి, రాయితో రుద్ది రుద్ది చేసే పూత అది. పైపైన బీటలు మామూలే. పెచ్చులు ఊడితే మాత్రం నాదం చెదిరిపోతుంది.

ఎందుకంత ముఖ్యమో సర్ సి.వి. రామన్ చెప్పారు. ఆయన చిన్నప్పుడు పెరిగింది, బడికి వెళ్లింది విశాఖలోనే. ఆయన తండ్రి ఇక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మామూలు డోలు మీద కొడితే పుట్టే నాదాలకు ఒకదానితో ఒకటి పొత్తు ఉండదు, అందుకే అది చప్పుడుగానే వినిపిస్తుంది. మన మృదంగం, తబలాల మీద నడుమ బరువుగా ఉన్న ఈ పూత వల్ల ఆ నాదాలు రెండింతలు, మూడింతలు అంటూ వరసలోకి వస్తాయి. రామన్ 1920లో నేచర్ పత్రికలో దీన్ని వివరించారు. మన వాద్యాలు చేసేవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే చెవితో పట్టుకున్న సంగతి ఇది. తలచుకుంటే వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

కాబట్టి ఊడిన పెచ్చును ఫెవికాల్‌తో అంటించడం, నల్లరంగు పూయడం చేయకండి. బరువు మారితే ఆ వరస పోతుంది. పూత మళ్లీ వేయించండి. చెమట చేత్తో ఎక్కువసేపు వాయిస్తే పూత త్వరగా పాడవుతుంది, పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోండి.

ఎడమవైపు గుమ్కి పలకట్లేదు

గుమ్కి అంటే మృదంగం ఎడమ మూత మీద పలికే లోతైన నాదం. ఇది ఆ మూత నడుమ అంటించే రవ్వతో వచ్చే చిక్కు. బొంబాయి రవ్వ ముద్ద చిన్నదైనా, మధ్యలో ఎండిపోయినా గుమ్కి రాదు. వేలితో నీటి చుక్క అద్దండి, చాలకపోతే ఇంకొంచెం రవ్వ కలపండి. మరీ ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది, గీకి తీసేయండి. వాయించడం అవ్వగానే రవ్వ మొత్తం తీసి తుడవాలి. వదిలేస్తే రాత్రికి చీమలు, బొద్దింకలు దాంతోపాటు తోలునూ కొరుకుతాయి.

బూజు, ముక్కవాసన, తుప్పు

ప్లాస్టిక్ కవర్లో చుట్టి మంచం కింద తోసేస్తే వచ్చే ఫలితం ఇదే. తేమ బయటికి పోయే దారి ఉండదు. మందపాటి గుడ్డసంచీలో, నేలకు ఎత్తుగా, సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. సంచీలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేయండి. బోల్టుల ఢోలక్ అయితే ఉప్పుగాలికి మరలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నెలకోసారి మరలకు చుక్క నూనె చాలు, తోలుకు తగలనివ్వకండి. అన్నిటికంటే మంచి మందు రోజూ వాయించడం. మూలపడేసిన వాద్యానికే బూజు త్వరగా పడుతుంది.

డప్పు మెత్తబడింది, కంజీర మూగబోయింది

డప్పు కళాకారులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరేగింపు మొదలయ్యే ముందు ఎండుగడ్డి మంట దగ్గర డప్పు కాచుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మంటకు మరీ దగ్గరగా పెట్టి తోలు మాడ్చేస్తుంటారు. సెగ తగలాలి, మంట తగలకూడదు. తిప్పుతూ కాచండి, మధ్యమధ్యలో చిటికెన పుల్లతో కొట్టి వినండి. అరకు కొండల్లో థింసా నాట్యానికి వాయించే వాద్యాలకు పొద్దుటి మంచుతో ఇదే సమస్య, ఇదే మందు. తప్పెటగుళ్లు గుండెల మీద వేలాడదీసుకుని గెంతుతూ వాయిస్తారు కాబట్టి ఒంటి చెమట కూడా తోలుకు ఎక్కుతుంది. ఆట మధ్యలో ఆపినప్పుడల్లా తుడుచుకోండి. వానలో ప్లాస్టిక్ మూత వాడేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ తోలు డప్పు మోత గుండెలో కొట్టినట్టు అది కొట్టదు.

చేత్తో పట్టుకుని వాయించే చిన్న వాద్యం కంజీర. దాని శృతి దించడానికి లోపలివైపు నీళ్లు రాస్తారు. వానాకాలం విశాఖలో రాసేముందు ఒకసారి వాయించి చూడండి, నీళ్ల అవసరమే ఉండకపోవచ్చు. ఉడుము తోలు కంజీర ఎవరైనా అమ్మజూపితే కొనకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మేక తోలుదే తీసుకోండి.

అమ్మాయి శృతికి మృదంగం ఎక్కట్లేదు

పొడవు మృదంగం తక్కువ శృతికి, పొట్టిది ఎక్కువ శృతికి. ఒకటి శృతికి, అంటే తక్కువ శృతికి, కట్టినదాన్ని బాగా ఎక్కువైన ఐదుకు లాగితే వారో మూతో తెగుతుంది. రెండో మృదంగం కొనడం తప్ప దారి లేదు.

అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారు

ఎడమవైపు నాదం స్లాబులోంచి కింది ఇంటికి దిగుతుంది. మందపాటి పరుపు మీద కూర్చుని వాయించండి, గోడకు దూరంగా జరగండి. పొద్దున్నే చేసే సాధన నోటితో చేయండి. జతులు నోట పలికినవాడికి చేతిలో అవే పలుకుతాయి. పక్కింటివాళ్లను ఒకసారి పిలిచి కూర్చోబెట్టి వినిపించండి, ఆ తర్వాత మాట తీరే మారుతుంది.

మూత చిరిగిపోయింది

కొత్త మూత వేయించాల్సిందే. బేరం ఆడొద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. తోలు ఎంచడం, ఆరబెట్టడం, పొరలు కుట్టడం, పూత రుద్దడం అన్నీ చేత్తోనే జరిగే పనులు. వేదిక మీద వాయించినవారి పేరు చదువుతారు, మూత కట్టినవారి పేరు ఎవరూ చదవరు. కచేరీ చేసేవాళ్లు ఆ పేరు కూడా చెప్పడం మొదలుపెట్టాలి.

ఇచ్చేటప్పుడు మీకు ఏ శృతి కావాలో ఫోన్‌లో శృతి పెట్టి వినిపించండి. తెచ్చాక రెండు వారాలు ఇంట్లో మెల్లగా వాయించండి. కొత్త తోలు సాగుతుంది కాబట్టి రోజూ కొంచెం కొంచెం శృతి చేస్తూ రండి. ఆ వారాల్లో కచేరీ ఒప్పుకోకండి.