కువైట్‌లో కొత్తగా వంటపనికి చేరినవాళ్ళకి: హమ్మస్ ఎట్లా చేసుకోవాలి

రాయచోటి నుంచో రాజంపేట నుంచో కోనసీమ నుంచో కొత్తగా కువైట్ వచ్చి ఇంట్లో వంటపనికి చేరిన అక్కచెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నా. మొదటి వారంలోనే మేడం అడిగేవాటిల్లో హమ్మస్ ఒకటి ఉంటది, అది వచ్చేస్తే వంటింట్లో మన కాలు నిలబడినట్టే, నా విషయంలో అట్లనే జరిగింది.

ముందు పేర్లు. హమ్మస్ అంటే అరబ్బీలో శనగలే, మన కాబూలీ శనగలు, వాటితో చేసిన ఈ ముద్దకీ అదే పేరు. ఇక్కడ కువైటీవాళ్ళు ఉడకబెట్టి గిన్నెలో తినే శనగల్ని మాత్రం నఖీ అంటారు, మేడం నఖీ అంటే రుబ్బకండి. తహీనా అంటే తెల్ల నువ్వుల ముద్ద, సూమ్ అంటే వెల్లుల్లి, లైమూన్ నిమ్మకాయ, మిల్హ్ ఉప్పు, జైత్ జైతూన్ ఆలివ్ నూనె. ఈ మాటలు వస్తే బకాలాలో (వీధి కిరాణా కొట్టు) గానీ జమియాలో (సహకార సంఘం సూపర్‌మార్కెట్) గానీ ఎవరినీ బతిమాలక్కర్లేదు.

పావు కిలో శనగలు రాత్రి అర స్పూను వంట సోడా వేసి నిండుగా నీళ్ళు పోసి నానబెట్టండి. ఎండాకాలంలో ఇక్కడ మేడమీది ట్యాంకు నీళ్ళు కుళాయిలో కాగినట్టు వస్తాయి, వాటితో నానబెట్టి బయట పెడితే పొద్దున్నకి పులిసి నురగ వచ్చేస్తది, అందుకని చల్లనీళ్ళు పోసి ఫ్రిజ్‌లోనే పెట్టండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ చిటికెడు సోడాతో ఉడకబెట్టాలి. ఎంత ఉడకాలంటే రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే వెన్నలాగ అణిగిపోవాలి, కూరకి ఉడికించినట్టు పలుకు ఉంటే చాలదు, నేను మొదటిసారి అక్కడే ఆపేశా, మిక్సీలో ఎంత తిప్పినా ఇసకలాగ రవ్వరవ్వగానే ఉండింది. ఉడికినాక చల్లనీళ్ళలో వేసి చేత్తో మెల్లగా రుద్దితే పొట్టు పైకి తేలుతది, తీసేయండి. పని ఎక్కువే కానీ నునుపంతా దీంట్లోనే ఉంది.

తహీనా డబ్బా తీస్తే పైన నూనె తేలి ఉంటది, పారబోయకుండా అడుగుదాకా కలపండి. రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి రెండు నిమ్మకాయల రసంలో పది నిమిషాలు ఉంచితే పచ్చి ఘాటు తగ్గుతది. బాగా ఆరిన శనగల్ని ముందు ఒట్టిగా మెత్తగా తిప్పి, తర్వాత ముప్పావు కప్పు తహీనా, ఆ నిమ్మరసం, ఉప్పు వేసి మళ్ళీ తిప్పండి. నిమ్మరసం తగలగానే తహీనా బిగుసుకుపోయి పాడైందేమో అనిపిస్తది, భయపడకండి, ఐసు నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తా నాలుగైదు నిమిషాలు ఆపకుండా తిప్పితే అదే వదులై తెల్లగా మెరుస్తది.

మన చెయ్యి ఊరికే ఉండదు, పచ్చిమిరపకాయ వేద్దాం, తాలింపు పెడదాం అనిపిస్తది. వద్దు. మన పచ్చట్లో కారం ఎట్లనో దీంట్లో నువ్వుల రుచి అట్ల, దాన్ని కప్పేయకూడదు.

ఇది అసలు కువైట్ వంట కూడా కాదు, లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపుది. లెబనాన్ వాళ్ళకి దీనిమీద ఎంత పట్టింపంటే 2010లో 10,452 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు, ఆ అంకె వాళ్ళ దేశం విస్తీర్ణం, అన్ని చదరపు కిలోమీటర్లు. కాబట్టి ఇంటికి ఆ వైపు చుట్టాలు వస్తున్నారంటే ఆరోజు ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువే తిప్పండి.

వెడల్పు ప్లేట్‌లో వేసి గరిటె వెనకవైపుతో గుండ్రంగా గాడి తీసి, ఆ గాడిలో ఆలివ్ నూనె పోసి, నాలుగు శనగలు మధ్యలో పెట్టి ఇవ్వండి, పక్కన వేడి ఖుబ్బుస్, అంటే ఇక్కడి రొట్టె. ఇంట్లో పిల్లలెవరికైనా నువ్వులు పడవేమో మాత్రం మొదటే మేడంని అడగండి, కొంతమందికి ప్రాణం మీదకి వస్తది.

మిగిలింది మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు ఉంటది. ఇది చేతికి వచ్చినాక ముతబ్బల్ నేర్చుకోండి, మనం పచ్చడికి కాల్చినట్టే వంకాయ కాల్చి ఇదే తహీనా, నిమ్మరసం, వెల్లుల్లి కలపడమే, రంజాన్‌లో రెండూ ఒకే బల్లమీదకి అడుగుతారు.