సంక్రాంతికి పాత పెంకుటింటికి రంగులా? ముందు ఇవి చూసుకోండి

• మట్టి గోడకైనా, పాత సున్నపు గోడకైనా సిమెంటు పూత వద్దు. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కొన్ని వానాకాలాలు తిరిగేసరికి పూత ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది, లోపలి మట్టినీ వెంట లాక్కొస్తుంది. మేస్త్రి ‘గట్టిగా ఉంటుందండి’ అంటాడు, వినకండి.

• పెంకులు సర్దించాకే రంగు. ఒక్క పెంకు పగిలినా కొత్త గోడ మీద గోధుమరంగు చారలు దిగుతాయి.

• సర్వీసు వైరు చూరు దగ్గరే ఉంటుంది. నిచ్చెన వేసే ముందు లైన్‌మన్‌తో కరెంటు తీయించండి.

• గోడను అరచేత్తో రుద్ది చూడండి. తెల్లపొడి అంటితే, గీకించకుండా డిస్టెంపర్ వేయొద్దు, పొరలుగా లేస్తుంది. అసలు సున్నమే చవక: రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, గోడ తడిపి, పల్చగా రెండు మూడు పూతలు. ఒకేసారి మందంగా పూస్తే నెర్రెలిస్తుంది.

• తలుపుల పాత పెయింటులో సీసం ఉండొచ్చు. తలుపు తడిపి, వాటర్ పేపర్‌తో (నీళ్లతో వాడే గరుకు కాగితం) రుద్దించండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

• గోడ మొదట్లో పేరుకున్న మట్టి తీయించండి, చెమ్మ అక్కడినుంచే ఎక్కుతుంది. డబ్బు మిగిలితే అరుగు అంచుకి జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీ: ఖర్చు తక్కువ, కళ ఎక్కువ.