తాడోబా అలవాట్లతో గిర్‌కి వెళ్లొద్దు: సింహాల ఫోటోలు తీసే ముందు జాగ్రత్తలు

గుజరాత్‌లో సింహాలుండే గిర్ అడవి అక్టోబర్ 16న మళ్లీ తెరుస్తారు. జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా వానాకాలం, సింహాలు ఎక్కువగా జతకట్టే కాలం కూడా అదే కాబట్టి లోపలికి ఎవర్నీ పంపరు. దీపావళి సెలవుల్లో కెమెరాలు సర్దుకుని వెళ్దామని చంద్రపూర్, బల్లార్షా, రాజురాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది అనుకుంటున్నారు, అవతల కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ కుర్రాళ్లు కూడా తోడవుతున్నారు. వీళ్లలో ఎక్కువమందికి చెయ్యి తిరిగింది చంద్రపూర్ దగ్గరి పులుల అడవి తాడోబాలోనే. మొహర్లీ గేటు, కోలారా గేటు, బఫర్‌లో (అడవి అంచు భాగంలో) జునోనా, అగర్జరి, ఎటు వెళ్తే ఏ పులి కనిపిస్తుందో నోటికి చెప్పేస్తారు. నా భయమల్లా అదే. పులి దగ్గర నేర్చుకున్న అలవాట్లు చాలావరకు సింహం దగ్గర పనికిరావు, కొన్నయితే నష్టం చేస్తాయి, ఫోటోకీ, సింహానికీ, ఒక్కోసారి మనకీ.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తా. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మన బల్లార్షా, చంద్రపూర్ మీదుగానే అహ్మదాబాద్ వెళ్తుంది, అక్కడి నుంచి జునాగఢ్‌కో వెరావల్‌కో ఇంకో రైలు, ఆపైన సాసన్ గిర్‌కి రోడ్డు దారి. అయితే రైలు టికెట్ కంటే ముందు సఫారీ పర్మిట్ చేతిలో ఉండాలి. దీపావళి వారంలో గుజరాత్ మొత్తం సెలవుల్లో ఉంటుంది, పర్మిట్లు ముందే అయిపోతాయి, అప్పుడు టెన్షన్‌లో ఎవడో ఏజెంట్ పంపిన లింక్‌లో డబ్బు కట్టేస్తారు. గుజరాత్ అటవీ శాఖ సొంత వెబ్‌సైట్‌లో తప్ప ఇంకెక్కడా కట్టొద్దు. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలుది వెంట పెట్టుకోండి. నన్నడిగితే దీపావళి వదిలేసి డిసెంబర్‌లోనో ఫిబ్రవరి, మార్చిలోనో వెళ్లమంటాను. అక్టోబర్‌లో గడ్డి ఇంకా ఎత్తుగా, ఆకు దట్టంగా ఉంటుంది, సింహం పది అడుగుల దూరంలో పడుకున్నా చెవులు తప్ప ఏమీ కనపడకపోవచ్చు.

బుక్ చేసేటప్పుడు ఇంకో విషయం చూసుకోండి. గిర్ జంగిల్ ట్రయల్ అంటే అసలు అడవిలోకి జిప్సీలో, అంటే పైకప్పు లేని సఫారీ బండిలో వెళ్లడం. దేవళియా అంటే చుట్టూ కంచె ఉన్న సఫారీ పార్కు, సుమారు 400 హెక్టార్లు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి దేవళియా మంచిదే, నేను తక్కువ చేయను. కానీ రెండూ ఒకటి కావు, ఇది తర్వాత క్యాప్షన్ రాసేటప్పుడు చాలా ముఖ్యం అవుతుంది.

ఇక అడవిలో ఎలా ఉండాలన్నది. పులి కోసం మనం చెవులతో వెతుకుతాం, కొండముచ్చు కేక, దుప్పి కూత వినపడగానే జిప్సీ అటు పరుగెత్తుతుంది, పులి రోడ్డు దాటే ఆ కొద్ది సెకన్లలో దొరికినన్ని క్లిక్కులు కొట్టేస్తాం. సింహం సంగతి వేరు. రోజులో దాదాపు 20 గంటలు విశ్రాంతిలోనే ఉంటుంది, దొరికిందంటే చాలాసార్లు రోడ్డు పక్కనే పక్కకు ఒరిగి నిద్రపోతూ దొరుకుతుంది. జిప్సీలో ఆరుగురు ఉంటారు, కాసేపు కాగానే ఎవరో ఒకరికి అది లేస్తే బాగుండనిపిస్తుంది, ఈల వేయడం, డోర్ మీద తట్టడం, డ్రైవర్‌ని ఇంకాస్త ముందుకి తీయమనడం మొదలవుతాయి. ఇవేవీ చేయొద్దు, పక్కవాడు చేస్తుంటే ఆపండి. లేవాల్సినప్పుడు అదే లేస్తుంది. ఉదయం మొదటి సఫారీ, సాయంత్రం చివరి సఫారీ తీసుకుంటే కదలిక చూసే అవకాశం ఎక్కువ, మధ్యాహ్నానికి దగ్గరగా ఉండే స్లాట్‌లో ఎండ పైనుంచి పడుతుంది, సింహమూ లేవదు, ఫోటో కోసమైతే దాన్ని వదిలేయొచ్చు.

గిర్ సింహాల్లో మగవి, ఆడవి ఎక్కువ కాలం వేర్వేరు గుంపులుగానే తిరుగుతాయి. కాబట్టి టీవీలో ఆఫ్రికా సింహాల కుటుంబం చూసినట్టు ఒకే ఫ్రేమ్‌లో జూలు మగసింహం, ఆడవి, పిల్లలు అన్నీ కావాలని ఆశపడకండి. ఒక మగ, ఒక ఆడ కలిసి కనిపించాయంటే అవి జతకట్టే రోజుల్లో ఉండొచ్చు, ఆ రోజుల్లో మగదానికి ఓపిక తక్కువ, దూరంగానే ఆపమని డ్రైవర్‌కి చెప్పండి. పిల్లలున్న తల్లి, వేట మాంసం మీద ఉన్న సింహం కూడా అంతే. చెవులు వెనక్కి పెట్టి, తోక చివర టపటపా కొడుతూ, తల కిందికి దించి మన వైపే చూస్తుంటే అది పోజు కాదు, బండి వెనక్కి తీయాల్సిన సమయం. గిర్ సింహాలు మనుషులకి అలవాటు పడ్డవని అందరూ అంటారు. అడవిలో పశువుల కాపరులైన మాల్ధారీలు తరతరాలుగా వాటి మధ్యే బతుకుతున్నారు, అది నిజమే. ఆ అలవాటు వాళ్లు సంపాదించుకున్నది, ఒక్కరోజు కోసం వెళ్లిన మనకి అది వర్తించదు. జిప్సీలో నిలబడటం, చెయ్యి బయటపెట్టి ఫోన్ చాచడం, సెల్ఫీ కర్ర తీయడం వద్దు. కూర్చున్నంతసేపు బండి, మనం కలిపి దానికి ఒకే ఆకారం, ఎవరైనా లేచి నిలబడితే ఆ ఆకారం మారిపోతుంది.

దారి అడ్డగించడం గురించి మన విదర్భవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 డిసెంబర్ 31న ఉమ్రేడ్-పవనీ-కర్హాండ్లా అభయారణ్యంలో ఆడపులినీ దాని పిల్లల్నీ జిప్సీలు రెండు వైపులా కమ్మేసిన వీడియో అందరం చూశాం, బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ దాన్ని తనంతట తానే విచారణకి తీసుకుంది. ఆ బళ్లలో ఉన్నవాళ్లు కూడా ఫోటో కోసం వెళ్లినవాళ్లే. డ్రైవర్‌ని మనం తొందరపెట్టకపోతే, టిప్పు ఆశ చూపకపోతే, చాలావరకు అతను ఆ పని చేయడు.

అడవి బయట ఇంకో ప్రమాదం ఉంది. 2025 మే లెక్కల్లో సింహాలు 891 తేలాయి, 2020లో 674 ఉండేవి. అవన్నీ పార్కులోనే లేవు, సౌరాష్ట్రలో 11 జిల్లాల్లో, పొలాల్లో, మామిడి తోటల్లో తిరుగుతున్నాయి. అందుకే రాత్రి భోజనం అయ్యాక ఎవరో వచ్చి తోటలో సింహాన్ని చూపిస్తానంటాడు. కోడినో దూడనో ఎర వేసి చూపించే బాపతు ఇది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఇలాంటి కేసులో జైలు శిక్షలు పడ్డాయి కూడా. చూపించినవాడితో పాటు చూడ్డానికి వెళ్లినవాడూ ఇరుక్కుంటాడు. ఎంత అడిగినా, ఎంత తక్కువకి వస్తానన్నా వెళ్లొద్దు. రాత్రి టార్చి పట్టుకుని హోటల్ ప్రహరీ దాటడమూ వద్దు.

ఇప్పుడు కెమెరా. పులి ఒంటి మీద చారలుంటాయి కాబట్టి ఆటోఫోకస్‌కి పట్టు దొరుకుతుంది. సింహం ఒళ్లు ఎండుగడ్డి రంగు, గిర్‌లో టేకు ఆకులు రాలి ఎండిన నేల కూడా ఇంచుమించు అదే రంగు, దాంతో ఫోకస్ ముందున్న గడ్డిపోచ మీదకి జారిపోతుంది, వెనక చిన్న స్క్రీన్ మీద బాగున్నట్టే కనిపించి రూముకొచ్చాక ఏడిపిస్తుంది. జంతువుల కన్ను పట్టే మోడ్ ఉంటే ఆన్ చేయండి, లేదా ఒకే పాయింట్ పెట్టి కన్ను మీద ఉంచండి, రెండు మూడు షాట్లకి ఒకసారి జూమ్ చేసి చూసుకోండి. షట్టర్ స్పీడ్ పడుకున్నదానికి సెకనులో 1/250 చాలు, నడిచేదానికి 1/640, పిల్లలు ఆడుకుంటుంటే 1/1600కి తగ్గొద్దు. పులి ఒంటరిది కాబట్టి అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 5.6లో పెట్టడం అలవాటు పడ్డాం, సింహాలు రెండు మూడు వరసగా ఉంటే ఎఫ్ 8కి వెళ్లకపోతే ఒకదాని మొహమే స్పష్టంగా వస్తుంది. పొద్దుటి ఎండలో గడ్డం, మూతి దగ్గర తెల్లవెంట్రుకలు తొందరగా కాలిపోతాయి, అంటే వివరం లేని తెల్లమచ్చలా వస్తాయి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, నల్ల జూలున్న మగసింహం నీడలో ఉంటే మాత్రం కొంచెం పెంచాలి. ఫ్లాష్ ఇంట్లోనే వదిలేసి రండి.

లెన్స్ విషయంలో దూరం తీసే 150-600 ఎంఎం ఒక్కటే తీసుకెళ్లి ఇబ్బంది పడొద్దు. సింహం రోడ్డు పక్కనే ఉంటే మొహం తప్ప ఫ్రేమ్‌లో ఏమీ పట్టదు, 70-200 కూడా ఉండాలి, వీలైతే రెండో కెమెరా బాడీకి బిగించి ఉంచాలి, ఎందుకంటే జిప్సీ లేపే దుమ్ములో లెన్స్ మార్చడమంటే సెన్సర్‌ని మీ చేత్తో పాడుచేసుకోవడమే. కెమెరా ఆనించే బీన్ బ్యాగ్ సంచి ఖాళీగా తీసుకెళ్లి అక్కడ బియ్యం పోసుకోండి, రైల్లో బరువు తగ్గుతుంది. తీసేటప్పుడు ఇంజన్ ఆపమనండి. జిప్సీలో కూర్చుని ఫోటోలు డిలీట్ చేయొద్దు, కుదుపులో వేలు ఎటు పోతుందో తెలియదు. రాత్రికి కార్డు రెండు చోట్లకి కాపీ అయ్యాకే నిద్రపోండి.

ఎడిటింగ్ దగ్గర నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. మన వైపు కెమెరా పట్టినవాళ్లలో చాలామంది పెళ్లి ఫోటోల నుంచి వచ్చినవాళ్లు, చర్మం నునుపు చేయడం, రంగు పెంచడం చేతికి అలవాటు. పులికి చేసుకున్న ప్రీసెట్ (ఒక్క నొక్కుతో పడే రంగుల అమరిక) ఒకటి ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ సిద్ధంగా ఉంటుంది, నారింజ రంగు పైకి, నీడలు కిందికి. అది సింహం మీద వేస్తే ఒళ్లంతా పసుపు పూసినట్టు తయారవుతుంది. అసలు రంగు ఇసుకకి దగ్గర, కాస్త బూడిద కలిసినట్టు ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచూడటం) సరిచేయడానికి గడ్డం కింద, పొట్ట కింద తెలుపు చూడండి, అది తెల్లగా కనిపిస్తే మిగతా రంగు దానంతట అదే దారిలో పడుతుంది. అక్టోబర్, నవంబర్ ఫోటోల్లో పచ్చగడ్డి వెలుగు కొట్టి పొట్ట, కాళ్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, అంటే మాస్క్ వేసి, ఆకుపచ్చ తగ్గించండి, మొత్తం ఫోటోకి తగ్గిస్తే అడవి చచ్చిపోతుంది. నాయిస్ (ఫోటోలో చుక్కల్లా కనిపించే గరుకు) తీయడం రా ఫైల్ (కెమెరా ఇచ్చిన మార్చని అసలు ఫైలు) మీద మొదట్లోనే చేయండి, ఎక్కువ తీస్తే మూతి మీద వెంట్రుకలు మైనంలా కలిసిపోతాయి, కాస్త గరుకు ఉండనివ్వండి. కళ్లు తేనెరంగులోనే ఉండాలి, మెరుపు పెంచి నిప్పుకణికలు చేయొద్దు. పొట్ట కింద వేలాడే చర్మపు మడత, జూలు పలచగా ఉండి పైకి కనిపించే చెవులు ఆసియా సింహానికి గుర్తులు. క్రాప్‌లో ఆ మడత కోసేసి, జూలు దట్టంగా కనిపించాలని నలుపు పెంచితే మన దేశపు సింహాన్ని ఆఫ్రికాది చేసినట్టే.

సెన్సర్ మీద దుమ్ము మచ్చ తీసేయొచ్చు. అడ్డొచ్చిన కొమ్మ, మొహం మీద గాటు, ఈగలు, కొన్ని సింహాల మెడకున్న రేడియో కాలర్, వీటి జోలికి పోవద్దు. ఏఐతో వెనక సూర్యాస్తమయం అతికించడం, లేని పిల్లని పక్కన పెట్టడం ఎంత బాగా వచ్చినా చేయొద్దు, సరదాకి చేశానన్నది కూడా నాలుగు గ్రూపులు దాటేసరికి నిజమై కూర్చుంటుంది.

పెట్టేటప్పుడు ఫైల్‌లో జీపీఎస్ వివరాలు తీసేయండి, పిల్లలున్న తల్లి ఫోటో అయితే ఏ రూటు, ఏ నీటిగుంట అని రాయకండి, వారం ఆగి పెట్టినా ఎవరికీ నష్టం లేదు. దేవళియాలో తీసినదైతే దేవళియా సఫారీ పార్కు అనే రాయండి, "గిర్ అడవిలో" అని కాదు. 2009లో ప్రపంచస్థాయి వన్యప్రాణి ఫోటో పోటీలో గెలిచిన తోడేలు ఫోటోని, అది మచ్చిక చేసిన తోడేలు అయ్యుంటుందని తేల్చి, తర్వాత రద్దు చేశారు. పోటీకి పంపే ఉద్దేశం ఉంటే ఎడిట్ చేసిన జెపెగ్ ఒక్కటే కాదు, రా ఫైలూ, దాని ముందూ వెనకా తీసిన షాట్లూ దాచండి, నిర్వాహకులు అవే అడుగుతారు.