బాండింగ్ పొర చెమర్చకుండా వేయడం ఎలా

గుంటూరు అరండల్‌పేటలో క్లినిక్ పెట్టిన కొత్తలో, మిర్చి యార్డులో పనిచేసే ఒకాయనకు దవడ పంటికి కాంపోజిట్ (పంటి రంగు రెజిన్ పదార్థం) ఫిల్లింగ్ చేశాను. మూడో రోజే తిరిగి వచ్చాడు. "చల్లటి మజ్జిగ తాగితే పన్ను జివ్వుమంటోందండీ డాక్టరు గారూ" అన్నాడు. పైన ఫిల్లింగ్ చెక్కుచెదరలేదు. లోపం దాని కింద, నేను హడావిడిగా ముగించిన బాండింగ్‌లో, అంటే ఫిల్లింగ్‌ను పంటికి అతికించే పొరలో ఉంది. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన వారికి ఆ పలుచని పొర గురించే చెబుతున్నాను.

ఎనామెల్ అనే పంటి పైపెంకు కింద ఉండే డెంటిన్ నిండా సన్నని గొట్టాలు. ఎనామెల్ వైపు చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 వేలు ఉంటే, పల్ప్ (పంటి నడుమ నరాలుండే మెత్తని భాగం) దగ్గర 45 వేలు దాటుతాయి, వెడల్పూ పెరుగుతుంది. వాటిలోని ద్రవాన్ని పల్ప్‌లోని ఒత్తిడి బయటకు నెడుతూనే ఉంటుంది. అది చప్పున కదిలితే రోగికి జివ్వుమంటుంది. గుంత ఎంత లోతైతే ఊట అంత ఎక్కువ.

డ్రిల్లు చేసినప్పుడు రాలిన పొడి ఆ గొట్టాల మూతులను చాలావరకు పూడుస్తుంది. బాండింగ్‌కు ముందు పూసే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఆ పూడికను కడిగేస్తుంది. అందుకే డెంటిన్ మీద దాన్ని 15 సెకన్లకు మించి ఉంచకండి. కడిగాక గాలి కొట్టి ఎండబెట్టవద్దు. దూదితో అద్దండి, తడిగుడ్డతో తుడిచిన నేలలా చెమ్మ మిగలాలి. పూర్తిగా ఎండితే డెంటిన్‌లోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు అణగిపోయి, బాండింగ్‌లోని రెజిన్ లోపలికి దిగదు.

ఇక అసలు విషయం. ఒకే సీసాలో అన్నీ కలిపిన బాండింగ్ ద్రవాల్లో నీటిని ఇష్టపడే మోనోమర్లు (గట్టిపడి రెజిన్‌గా మారే అణువులు) ఎక్కువ. లైటు పెట్టి గట్టిపరిచినా ఆ పొర కొత్త కుండలా చెమరుస్తుంది. లోపలి ద్రవం దాని గుండా పైకి వచ్చి, కాంపోజిట్ కింద సన్నని బొట్లుగా చేరుతుంది. ఈ ఊటను తగ్గించడానికి నేను చేసేది ఇది. బ్రష్‌తో 20 సెకన్లు నిదానంగా రుద్దుతాను. తర్వాత మెల్లగా గాలి కొడతాను, పొర మీద అలలు ఆగి, కదలకుండా మెరిసేదాకా. బాండింగ్‌ను పలుచన చేసే ద్రావకం ఆవిరైపోకుండా లైటు పెడితే అది లోపలే చిక్కుకుంటుంది. లైటు పెట్టాక, ద్రావకం లేని, నీటిని అంటనివ్వని రెజిన్‌ను (రెండు సీసాల రకంలో రెండో సీసా) మరో పూత వేసి, మళ్ళీ లైటు పెట్టి, వెంటనే కాంపోజిట్ నింపుతాను. మధ్యలో ఫోను వచ్చినా తీయను, ఆలస్యమైనకొద్దీ ఊట పైకి చేరుతుంది.

మే నెల ఎండల్లో ఇంకో జాగ్రత్త. చుక్కను ముందుగా గిన్నెలో వేసి ఉంచితే ద్రావకం ఆవిరై ద్రవం చిక్కబడుతుంది. పన్ను సిద్ధమయ్యాకే వేయండి, సీసా మూత తక్షణం బిగించండి.

ఎంత శ్రద్ధగా వేసినా ఏ బాండింగూ డెంటిన్‌ను పూర్తిగా మూయలేదు. అందుకే పల్ప్‌కు బాగా దగ్గరైన చోట ముందు గ్లాస్ అయానమర్ అనే సిమెంటు పలుచగా పరిచి, ఆపైనే బాండింగ్‌కు వెళతాను. యార్డు ఆయన పంటికి రెండోసారి చేసింది అదే.